స్పీచ్ థెరపీ కెరీర్: చేరబోయేవాళ్ళు, చేరినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు రాగానే నా ఫోను మోగడం మొదలవుతుంది. "మా అమ్మాయి ఏదో బీఏఎస్‌ఎల్‌పీ అంటోంది, అదేంటండీ?" అని ఒకరు, "మావాడికి ఎంబీబీఎస్ సీటు రాలేదు, ఇది ఇప్పించమంటారా?" అని ఇంకొకరు. ఈ పనిలో నాకు పదకొండేళ్ళు. ఉదయం ఆసుపత్రిలో పక్షవాతం పేషెంట్లు, సాయంత్రం క్లినిక్‌లో పిల్లలు. అందరికీ ఫోన్లో చెప్పిందే చెప్పలేక జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్ అంటే డాక్టరా, టీచరా?

రెండూ కాదు. మాట, భాష, గొంతు, మింగడం, ఈ నాలుగింటిలో వచ్చే ఇబ్బందులను పరీక్షించి థెరపీ ఇచ్చే మనిషి. మందులు రాయం, ఆపరేషన్లు చేయం. మన దగ్గర అందరూ "స్పీచ్ థెరపిస్ట్" అనే పిలుస్తారు, ఆ పేరుతో నాకేం పేచీ లేదు.

నత్తి, మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు, ఆటిజం, గ్రహణం మొర్రి, వినికిడి లోపం, పక్షవాతం తర్వాత మాట పోవడం (దీన్ని అఫేసియా అంటాం), గొంతు బొంగురుపోయిన టీచర్లు, అందరూ మా దగ్గరికే వస్తారు. చాలామందికి తెలియనిది మింగడం సంగతి. మా పనిలో అది పెద్ద భాగం, అన్నిటికంటే టెన్షన్ పెట్టేదీ అదే.

ఒకసారి వార్డులో పక్షవాతం వచ్చి నాలుగో రోజున ఉన్న పెద్దాయనకు భార్య గ్లాసుతో మజ్జిగ తాగిస్తోంది. ఆయనకు పొలమారింది. ఆమె నెత్తిమీద తడుతూ, "అమెరికాలో అబ్బాయి తలచుకుంటున్నట్టున్నాడు" అంది. మన ఇళ్ళలో అందరం అనే మాటే. నేను మాత్రం ఆయన గొంతే వింటున్నాను. దగ్గు ఆగాక "మీ పేరేంటి తాతగారూ?" అంటే గొంతు తడి తడిగా, గరగరమంటూ పలికింది. అంటే మజ్జిగ కొంచెం దారి తప్పి శ్వాసనాళం వైపు పోయిందేమోనని అనుమానించాలి. అలా పోతూ ఉంటే ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, అదింకా ప్రమాదం. ఆమెను పక్కకు పిలిచి పలచటివి ఆపమని, కూర్చోబెట్టే పెట్టమని, చెంచాతో కొంచెం కొంచెం చిక్కటివే ఇవ్వమని చెప్పాను. డాక్టరుగారితో మాట్లాడి మింగే పరీక్ష రాయించాను. "మాటలు నేర్పే అమ్మాయికి మజ్జిగతో ఏం పని?" అన్నట్టు చూసిందావిడ. మొదటి రోజు ఆ చూపు అందరి దగ్గరా తప్పదు.

ఏ కోర్సు చదవాలి? ఎన్నేళ్ళు?

బీఏఎస్‌ఎల్‌పీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. పేరులోనే రెండు సబ్జెక్టులున్నాయి. వినికిడి పరీక్షలు, చెవి మిషన్లు ఒక సగం, మాట, భాష ఇంకో సగం. అనాటమీ, సైకాలజీ, భాషాశాస్త్రం, స్టాటిస్టిక్స్, ధ్వని గురించి ఫిజిక్స్ అన్నీ ఉంటాయి. క్లినిక్ పోస్టింగులు చదువుకుంటుండగానే మొదలవుతాయి.

బైపీసీ ఉండాల్సిందేనా?

అక్కర్లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండి మూడోది బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ అయితే చాలాచోట్ల తీసుకుంటారు. నేను ఎంపీసీయే. మొదటి ఏడాది అనాటమీతో కష్టపడ్డాను, ఫ్రీక్వెన్సీ, డెసిబెల్ దగ్గర మాత్రం బైపీసీ వాళ్ళు నా నోట్సు పట్టుకెళ్ళేవారు. ప్రవేశ పరీక్ష, అర్హత మార్కులు సంస్థను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి. ఆ ఏటి నోటిఫికేషనే చూడండి, పక్కింటివాళ్ళ మాట కాదు.

ఎక్కడ చదివితే మంచిది?

దేశంలో పెద్ద పేరు మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌ది. 1966 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఐష్ అంటాం. దేశస్థాయిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. ముంబైలో 1983లో మొదలైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోనే, బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో. మన పిల్లలకు ఇంటికి దగ్గర్లో దొరికే ప్రభుత్వ సంస్థ అది. స్వీకార్, హెలెన్ కెల్లర్ లాంటి ప్రైవేటు సంస్థలూ సికింద్రాబాద్ వైపు ఉన్నాయి.

ప్రైవేటు కాలేజీలో చేరేముందు భవనం చూడకండి. ఓపీకి వెళ్ళి కూర్చోండి. రోజుకు ఎంతమంది పేషెంట్లు వస్తున్నారు, ఒక్కో కేసు దగ్గర ఎంతమంది విద్యార్థులు నిలబడుతున్నారు, అది లెక్కపెట్టండి. ఒక పిల్లవాడి చుట్టూ ఎనిమిది మంది తెల్లకోట్లు కనిపిస్తే అక్కడ థెరపీ చూడటమే తప్ప చేయడం రాదు.

డీహెచ్ఎల్ఎస్ ఒక్క ఏడాదే కదా, అది చేసి క్లినిక్ పెట్టేసుకోవచ్చా?

డీహెచ్ఎల్ఎస్ అంటే డిప్లొమా ఇన్ హియరింగ్, లాంగ్వేజ్ అండ్ స్పీచ్. అది చేసినవాళ్ళు సహాయకులు. ఆడియాలజిస్ట్, స్పీచ్ పాథాలజిస్ట్ పర్యవేక్షణలో పనిచేయాలి. మంచి కోర్సే, ఊళ్ళలో వాళ్ళ అవసరం చాలా ఉంది. కానీ సొంతంగా రోగ నిర్ధారణ చేస్తామంటే కుదరదు.

రిజిస్ట్రేషన్ లేకపోతే ఏమవుతుంది?

రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆర్సీఐ, 1992 నాటి చట్టంతో ఏర్పడింది. ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలేనా అని నవ్వొస్తుంది. అందుకేనేమో, వారం రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్టు గోడకు తగిలించి థెరపీ సెంటర్లు పెట్టేవాళ్ళకు కొదవ లేదు.

డిగ్రీ చేతికి రాగానే సీఆర్ఆర్ నంబరుకు, అంటే ఆ రిజిస్టరులో మీ నంబరుకు, దరఖాస్తు చేయండి. రిపోర్టు మీద సంతకం కింద ఆ నంబరు ఉండాలి. కాలేజీలో చేరేముందే ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి ఆర్సీఐ ఆమోదం ఉందో లేదో వెబ్‌సైట్లో చూసుకోండి. ఆమోదం లేని చోట నాలుగేళ్ళు చదివితే ఆ నంబరు రాదు.

చదువంతా ఇంగ్లీషులో, పేషెంట్లంతా తెలుగులో. ఎలా కుదురుతుంది?

అసలు ప్రశ్న ఇది. దీన్ని అడిగే విద్యార్థి మంచి థెరపిస్ట్ అవుతుందని నా నమ్మకం.

ఇంటర్న్‌షిప్‌లో నేను చేసిన తప్పు చెబుతాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నాలుగేళ్ళ బాబుకు బొమ్మల కార్డులు చూపిస్తున్నాను. చీపురు బొమ్మ చూసి "పొరక" అన్నాడు. సొరకాయ చూపిస్తే "ఆనిగెపుకాయ" అన్నాడు. షీటులో ఉన్న మాట రాలేదు కాబట్టి రెండింటికీ తప్పు పెట్టాను. "నిన్న ఏం చేశావ్?" అంటే "నేను బడికి పోయిన" అన్నాడు. "పోయాను" అనాలి కదా, క్రియకు చివర రావలసింది రాలేదు, వ్యాకరణ లోపం అని రాసుకున్నాను. కృష్ణా జిల్లాలో పెరిగిన చెవి నాది. మా సూపర్‌వైజర్ మేడంది వరంగల్. షీటు చూసి, "ఇందులో లోపం బాబుదా, నీదా?" అని ఒక్క మాటే అడిగారు. ఆ బాబు తెలుగు నిక్షేపంగా ఉంది. వాడి అసలు ఇబ్బంది "క" బదులు "త" అనడం, అదొక్కటే.

ఇలాంటివి చాలా ఉన్నాయి. "భయం"ని "బయం" అనడం, "శ", "ష", "స" మూడింటినీ ఒకేలా పలకడం మన ఊళ్ళలో మామూలు మాటే. దాన్ని ఉచ్చారణ దోషం అని రాస్తే సగం రాష్ట్రం మన పేషెంట్లే. మరో సంగతి. అమెరికా పుస్తకాల్లో "ఆర్" అక్షరానికి పేజీలకు పేజీలు కిటుకులుంటాయి. ఆ శబ్దం వేరు, మన "ర" వేరు. మన "ర"కి నాలుక కొస పైకి లేచి చటుక్కున తగిలి రావాలి. "రాముడు"ని "లాముడు" అనే పిల్లలకు నేను "డడడడ" అని వేగంగా అనిపించే ఆటతో మొదలుపెడతాను, గుర్రబ్బండి తోలుతున్నట్టు. ఇది ఏ ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకున్నదీ కాదు, ఒక సీనియర్ పక్కన కూర్చుని చూసింది.

వ్యాకరణమూ అంతే. ఇంగ్లీషు పిల్లల పరీక్షల్లో "ఏ", "ది" వాడుతున్నారా అని చూస్తారు. మనకవి లేవు. మనం చూడాల్సింది "అమ్మకి", "అమ్మతో", "అమ్మ దగ్గర" తేడా వచ్చిందా, "నాన్న వచ్చింది" పోయి "నాన్న వచ్చాడు" ఎప్పటికి వచ్చింది, లాంటివి. తెలుగులో తయారైన పరీక్షలు కొన్ని ఉన్నాయి, అఫేసియాకు వెస్టర్న్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపం కూడా ఉంది. అవసరంతో పోలిస్తే తక్కువే. ఎమ్మెస్సీ డిసర్టేషన్‌కు టాపిక్ వెతుక్కునేవాళ్ళకు ఇంతకంటే పెద్ద పొలం దొరకదు.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పాలా?

వద్దు. మాటలు ఆలస్యమైన పిల్లవాడికి ఒక భాష తగ్గిస్తే రెండోది తొందరగా వస్తుందన్నదానికి ఆధారం లేదు. నానమ్మకు ఇంగ్లీషు రాదు, అమ్మకు అంతంతమాత్రం. ఇంట్లో తెలుగు ఆపేస్తే పిల్లవాడితో మాట్లాడే నోళ్ళే తగ్గిపోతాయి. "స్కూల్లో మేడం ఇంగ్లీషే మాట్లాడమంది" అంటారు. ఆ మేడంకు నేను మర్యాదగా ఒక ఉత్తరం రాసిస్తాను.

పెద్దల విషయంలో హైదరాబాద్‌లోనే జరిగిన అధ్యయనం ఒకటి ఉంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందని తేలింది. పిల్లల ప్రశ్నకు అది నేరుగా జవాబు కాదు. అయినా రెండు భాషలంటే భయపడే తాతలకు చెబితే ఊరట.

వస కొమ్ము, నాలుక కింద నరం... వీటి గురించి అడిగితే ఏం చెప్పాలి?

నవ్వకూడదు, కసరకూడదు. వసపిట్టలా వాగుతున్నాడని అనుకునే భాష మనది. అందుకే మాటలు రాని పిల్లవాడికి వస అరగదీసి నాకించకుండా ఏ అమ్మమ్మా మా దగ్గరికి రాదు. ఎంత ఇచ్చారు, ఎన్నాళ్ళు ఇచ్చారు అడిగి రాసుకుంటాను, ఇక ఆపేయమంటాను, పిల్లల డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పమంటాను. నాలుక కింద నరం సంగతీ అంతే. అది బిగుతుగా ఉంటే పాలు పట్టడంలోనో కొన్ని శబ్దాల్లోనో ఇబ్బంది రావచ్చు. కానీ మూడేళ్ళు వచ్చినా ఒక్క మాటా రాని పిల్లవాడికి కారణం సాధారణంగా అది కాదు. ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష.

"మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ ఐదేళ్ళకే వచ్చాయి" అనే అత్తగారు ప్రతి కేసులోనూ ఉంటారు. ఆమెను మీ వైపు తిప్పుకోకపోతే మీ హోం ప్రోగ్రాం కాగితం ఫ్రిజ్ మీదే ఉండిపోతుంది. కేస్ హిస్టరీ తీసుకునేటప్పుడు ఆమెను కూడా లోపల కూర్చోబెట్టండి. పిల్లవాడితో రోజంతా ఉండేది ఆవిడే.

ఉద్యోగాలు ఎక్కడ దొరుకుతాయి? జీతం ఎంత?

ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ, న్యూరాలజీ విభాగాలు, పిల్లల థెరపీ సెంటర్లు, ప్రత్యేక పాఠశాలలు, చెవి మిషన్ల కంపెనీలు, కాలేజీలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ముందస్తు చికిత్సా కేంద్రాలున్నాయి. అక్కడ ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులే. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేర్చడంతో ఆపరేషన్ తర్వాత విని మాట్లాడటం నేర్పేవాళ్ళ అవసరం పెరిగింది. ఆపరేషన్ గంటల్లో అయిపోతుంది, ఆ తర్వాతి నేర్పు నెలలు, ఏళ్ళు పడుతుంది.

జీతం మొదట్లో తక్కువ, అది దాచి లాభం లేదు. నా మొదటి జీతంలో హాస్టల్ ఖర్చు పోగా బస్ పాసుకు మిగిలేది. మూడు నాలుగేళ్ళ అనుభవంతో మెరుగవుతుంది. చాలా సెంటర్లు నెల జీతం బదులు సెషన్‌కు ఇంత వాటా అంటాయి. ఒప్పుకునేముందు, పిల్లవాడు రాని రోజు మీకు ఏమిస్తారో అడగండి. సంక్రాంతి, దసరా, ఎండాకాలం సెలవులు, పెళ్ళిళ్ళ సీజన్, ఇవన్నీ కలిపితే ఏడాదిలో ఎన్ని రోజులు ఖాళీగా కూర్చుంటారో చేరాక గానీ తెలియదు.

ఇంకో హెచ్చరిక. నేను కొన్నాళ్ళు చేసిన ఒక సెంటర్లో రిసెప్షన్‌లోనే "మూడు నెలల్లో మాటలు గ్యారంటీ" అని చెప్పి ప్యాకేజీ కట్టించుకునేవారు. నాలుగో నెల తల్లి ఏడుస్తూ నిలదీసేది నన్ను. రెండుసార్లు అలా జరిగాక మానేశాను. గ్యారంటీ మాట వినిపించే చోట చేరకండి.

పీజీ అవసరమా?

పని దొరకడానికి బీఏఎస్‌ఎల్‌పీ చాలు. కాలేజీలో పాఠం చెప్పాలన్నా, పెద్ద ఆసుపత్రుల్లో పైకి వెళ్ళాలన్నా, విదేశం అనుకున్నా పీజీ కావాలి. ఐష్‌లో ఆడియాలజీ, స్పీచ్ రెండూ విడివిడి ఎమ్మెస్సీలు. కొన్నిచోట్ల రెండూ కలిపి మాస్టర్స్ ఉంటుంది. వీలైతే ఒకటి రెండేళ్ళు పనిచేసి వెళ్ళండి. పిల్లలతో కూర్చోవడం ఇష్టమా, మిషన్లతో ఇష్టమా, ఆసుపత్రి వాసన పడుతుందా అన్నది పని చేస్తేనే తెలుస్తుంది.

అమెరికా, ఇంగ్లండ్ వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ మన డిగ్రీ పట్టుకుని విమానం దిగితే ఉద్యోగం ఇవ్వరు. అమెరికాలో మన వృత్తివాళ్ళ ఆషా అనే సంఘం (మన ఊళ్ళో ఇంటింటికీ తిరిగే ఆశా కాదు) ఇచ్చే సర్టిఫికెట్టుకు మాస్టర్స్ స్థాయి చదువు, 400 గంటల క్లినికల్ పని, ప్రాక్సిస్ పరీక్షలో 162 మార్కులు, ఆపైన కనీసం 36 వారాలు, 1,260 గంటల ఫెలోషిప్ (సీనియర్ పర్యవేక్షణలో చేసే పని) కావాలి. దానికి తోడు ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్సు. అందుకే మనవాళ్ళు ఎక్కువమంది అక్కడే మాస్టర్స్ చేస్తారు. ఇంగ్లండ్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్. మిగతా వృత్తులకు ఐఈఎల్‌టీఎస్‌లో 7 అడిగితే మన వృత్తికి 8 అడుగుతారు. మాట సరిచేసేవాళ్ళ మాట మీద ఆ మాత్రం పట్టింపు సహజమే.

ఏ దేశమైనా సరే, బీఏఎస్‌ఎల్‌పీ మొదటి రోజు నుంచే క్లినికల్ గంటలు, కేసు రకాలు లాగ్‌బుక్‌లో రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకోండి. ఆరేళ్ళ తర్వాత పాత కాలేజీ చుట్టూ సంతకాల కోసం తిరగడం నరకం.

డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళ పిల్లలకు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో థెరపీ ఇవ్వొచ్చా?

ఆశగానే ఉంటుంది. అక్కడి ఫీజుల ముందు మనది చవక, పైగా తెలుగు థెరపిస్ట్ అక్కడ దొరకడం కష్టం. కానీ పేషెంటు కూర్చున్న రాష్ట్రం చట్టమే సాధారణంగా వర్తిస్తుంది. అక్కడి లైసెన్సు లేకుండా థెరపీ అని ఫీజు తీసుకోవడం చిక్కుల్లో పడేస్తుంది. పిల్లవాడు సెలవులకు ఇండియా వచ్చినప్పుడు నేను చూస్తాను. అక్కడి థెరపిస్ట్ అడిగితే తెలుగు సంగతులు రాసి పంపుతాను.

రిజిస్ట్రేషన్ ఒకసారి చేస్తే అయిపోయినట్టేనా?

కాదు. ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి సీఆర్ఈ పాయింట్లు, అంటే ఆర్సీఐ గుర్తింపున్న శిక్షణా కార్యక్రమాలకు హాజరైన పాయింట్లు కావాలి. మొదటి మూడేళ్ళు మరిచిపోయి చివరి ఆర్నెల్లలో ఆదివారాలన్నీ సెమినార్లలో గడిపే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. భోజనాలు బాగుంటాయి, బుర్రకేం ఎక్కదు. ఏడాదికి రెండు, అది కూడా మీకు రాని విషయం మీద ఎంచుకోండి. సర్టిఫికెట్లు ఫోనులో ఒక ఫోల్డరు, కాగితం ఒక ఫైలు.

ఎక్కువ రోజులు చేస్తే విసుగు రాదా?

వస్తుంది. ఆటిజం పిల్లలతో వరసగా ఏడు సెషన్లు అయ్యాక ఇంట్లో మా అమ్మాయి "అమ్మా" అంటే పలకబుద్ధి కాని రోజులున్నాయి. నేల మీద కూర్చుని కూర్చుని నడుము, మాట్లాడి మాట్లాడి గొంతు పోతాయి. టీచర్లకు గొంతు జాగ్రత్తలు చెప్పే నాకే నాలుగో ఏడాదిలో గొంతు పట్టేసి పది రోజులు మూగనోము పట్టాల్సి వచ్చింది. ఇప్పుడు సెషన్‌కూ సెషన్‌కూ మధ్య పదిహేను నిమిషాలు ఉండాల్సిందేనని ముందే మాట్లాడుకుంటాను. ఉదయం పెద్దలు, సాయంత్రం పిల్లలు అని పని విడగొట్టుకున్నదీ అందుకే.

యాప్‌లు, ఏఐ వస్తున్నాయి కదా, మన ఉద్యోగాలు ఉంటాయా?

"పొరక"కు నేను తప్పు పెట్టినట్టే యాప్ కూడా పెడుతుంది. దాన్ని పట్టుకునే వరంగల్ మేడం ఎవరో ఒకరు ఉండాలి.

నాకే నత్తి ఉంది. ఈ కోర్సులో చేరొచ్చా?

చేరొచ్చు. మా బ్యాచ్‌లో ఒకతనికి నత్తి ఉండేది. "ప" దగ్గర బాగా ఆగేవాడు. పేషెంటును పేరు పెట్టి పిలవాల్సి వస్తే చెమటలు పట్టేవి. మొదట్లో ఫైలు నా చేతికిచ్చి "నువ్వు పిలువవే" అనేవాడు, నేనూ పిలిచేదాన్ని. రెండో ఏడాది సగంలో ఒక రోజు ఓపీ గది తలుపు దగ్గర నిలబడి, ఫైలు తనే పట్టుకుని "ప్... ప్... ప్రసాద్" అని పిలిచాడు. బెంచీ మీదున్న కుర్రాడు లేచి, "సార్, మీక్కూడా ఉందా?" అన్నాడు. "ఉంది, రా లోపలికి" అన్నాడు వీడు. ఆ రోజు ఆ సెషన్ గంటన్నర సాగింది. బయట లైనులో ఉన్నవాళ్ళు నా మీద విసుక్కున్నారు.